తొంభై ఆరు పలకల తుంగభద్ర

నాకు తెలివి తక్కువని మా అమ్మకు నా చిన్నప్పుడే తెలుసు. మా హెడ్మాస్టరుగారికి నేను ఉద్యోగంలో చేరిన మూడో నెలలో తెలిసింది. సిరుగుప్ప తాలూకా మొత్తానికి మాత్రం ఒకే రోజు, ఒకే గంటలో, బస్టాండు పక్కన, మైకు పెట్టి మరీ తెలిసింది. ఆ గంట గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను. చదివేవాళ్లలో ఇంజినీర్లెవరైనా ఉంటే కాస్త మనసు గట్టి చేసుకోండి.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. పేరు సుగుణ. మా నాన్న బళ్లారిలో మిషన్ దవాఖానాలో కాంపౌండరు. బి.యస్సీ. పాసై సిరుగుప్పకు సైన్సు టీచరుగా వచ్చాను. తాలూకాలో బి.యస్సీ. చదివిన ఆడమనిషిని నేనొక్కతినేనని నా గట్టి నమ్మకం. ఎవరూ విచారించలేదు, నేనూ విచారించనివ్వలేదు. ఎవరైనా పాపం "ఎండ శానా ఉండాదమ్మా" అంటే, ఆ ఎండ సూర్యుడి దగ్గర నుంచి ఎన్ని నిమిషాల్లో వచ్చిందో అక్కడే నిలబెట్టి చెప్పేదాన్ని. దాంతో నేను వీధిలో కనిపిస్తే పిల్లలే కాదు, వాళ్ల తల్లిదండ్రులు కూడా పక్క సందులోకి తిరిగేవాళ్లు.

తుంగభద్ర మీద ఆనకట్ట కట్టి అప్పటికి కొన్నేళ్లయింది. కాలవ నీళ్లొచ్చి, జొన్న పండే నేలంతా వరిమడులయింది. ఇక ఊళ్లోకి కొళాయిలు వస్తున్నాయి. బస్టాండు పక్కన నీళ్ల ట్యాంకు కట్టారు. దాని కింద పెద్ద గోడ ఒకటి, ఇంటి కప్పులాగా కాస్త వాలుగా, బోడిగా మిగిలిపోయింది. ఊరి చైర్మన్ గోవిందప్పగారికి రైసు మిల్లుంది, యాభై ఎకరాల మడి ఉంది, మంచి మనసు కూడా ఉంది గానీ అది తీరికున్నప్పుడే బయటికొచ్చేది. ఆయన ఆ గోడ నిండా తన పేరు రాయించుకుందామనుకున్నారు. నేను వెళ్లి అడ్డం పడ్డాను.

"పేరెవరైనా రాయించుకుంటారు సార్. ఈ గోడ మీద నీళ్ల ప్రయాణం చూపిద్దాం. కాల్చిన మట్టి పలకల మీద బొమ్మలు. సముద్రం, ఆవిరి, మబ్బు, వాన, కొండలు, తుంగ, భద్ర, ఆనకట్ట, కాలవ, మడి. నది పోయినంత మేరా పలకల్లో సన్నగా గాడి తీసి, పైనుంచి నిజం నీళ్లే వదులుదాం. అవే పారుకుంటూ వచ్చి కింద కొళాయి తొట్లో పడతాయి."

ఆయన గోడను పైనుంచి కిందిదాకా చూశారు. "సముద్రం యాల టీచరమ్మా? మన తాలూకాలో లేదు కదా?"

"సముద్రం లేకుంటే వాన లేదు సార్."

"ఉండి మాత్రం ఈడేం కురిసె? సరే, దాన్ని ఒక మూలకు పెట్టు. సిరుగుప్ప మాత్రం బాగా కనపడల్ల. మా మిల్లు పొగగొట్టంతో సహా."

"పెడతాను సార్."

"పొగ వస్తాండల్ల."

"వస్తుంది సార్."

అలా కళకూ విజ్ఞానానికీ పొగకూ ఒప్పందం కుదిరింది. ఇక మట్టి పని చేసే మనిషి కావాలి. ఊరి చివర వంక ఒడ్డున తిప్పన్న తాత ఉన్నాడని చెప్పారు.

తిప్పన్న తాతది సిరుగుప్ప కాదు. ఆనకట్ట వెనక నీళ్లలో మునిగిపోయిన ఊళ్లలో ఒకటి ఆయనది. ఎద్దులబండి మీద కుమ్మరిసారెను, భార్య హనుమక్కను, నాలుగు కుండలను ఎక్కించుకుని ఇక్కడికి వచ్చి గుడిసె వేసుకున్నాడు. ఆ ఊరి పేరు ఏమిటని అడిగితే "మా ఊరు" అనేవాడు. పేరు చెప్పినా దండగనుకున్నాడో ఏమో. అప్పుడప్పుడే అల్యూమినియం గిన్నెలు సంతకొచ్చి ఆయన కుండలను ఎవరూ అడగడం లేదు. నేను వెళ్లి గోడ సంగతి చెబితే, ముసలాయన సారె ఆపి నన్ను చూశాడు.

"ఏరు మొత్తం పెడ్తారా గోడ మీద?"

"మొత్తం తాతా. పుట్టిన చోటు నుంచి మన మడి దాకా."

"అయితే మా ఊరూ పెట్టల్లమ్మా. ఏరు ఇట్ల వంక తిరిగి పోయే చోట ఉండె. ఇరవై ఇండ్లు. మా కుండలు కాల్చే ఆవం. ఒక్క పలకలో పడ్తాది."

నేనేమన్నానో రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. "తాతా, ఇది సైన్సు. ఇప్పుడు ఏది ఎక్కడుందో అదే చూపించాలి. మీ ఊరున్న చోట ఇప్పుడు నీళ్లున్నాయి. లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తే పిల్లలు తప్పు నేర్చుకుంటారు" అన్నాను.

లోపల్నుంచి హనుమక్క అవ్వ అంది: "చూడప్పా, మన ఊరు ఉండిందనేది తప్పంట."

"గమ్మునుండే" అన్నాడు తాత. నాతో మాత్రం "ఆయ్తమ్మా, నీ ఇష్టం" అని మళ్లీ సారె తిప్పాడు. ఆయన ఇంకొక్కసారి అడిగుంటే నేను ఒప్పుకునేదాన్నేమో. ఆయన అడగలేదు, నేను దాన్ని నా వాదన గెలుపు అనుకున్నాను.

పని బడి వరండాలో మొదలైంది. తాత మట్టి తొక్కి, పిసికి, వరండా అంతా ఒకే చాపగా పరిచాడు. నేను గీసిన పెద్ద కాగితాన్ని దాని మీద పరిచి, గీతల వెంట సూదితో గుచ్చుతూ పోయాను. ఆ గీతల మీద ఆయన చేతులతో కొండలు లేపాడు, మబ్బులు ఉబ్బించాడు, వరిమడికి వెదురు పుల్లతో నాట్లు వేశాడు. నీళ్ల దగ్గరకొచ్చేసరికి మాకు గొడవయింది.

"తాతా, నీళ్ల గీతలన్నీ ఒకేలాగుండాలి. ఒకచోట ముడతలు, ఒకచోట సుడులు, ఒకచోట ఏమీ లేదు. ఇదేంది?"

"ఇది బండలమింద దుంకే నీళ్లు. ఇది మడుగు. ఇది కొత్తనీళ్లు, మన్ను కలిసింటాది. అన్నీ ఒకటే ఎట్లయితాయమ్మా?"

"నీళ్లంటే నీళ్లే తాతా. అన్నిటిలో ఉండేది ఒకటే పదార్థం."

"అట్లనా" అన్నాడాయన. గీతలు మాత్రం ఆయనకు తోచినట్టే వేశాడు. నేను చూసీ చూడనట్టు వదిలేశాను, ఎందుకంటే అప్పటికి నేను అంతకంటే పెద్ద తప్పు చేయడంలో తీరికలేకుండా ఉన్నాను.

మట్టి కాస్త గట్టిపడ్డాక దాన్ని తీగతో తొంభై ఆరు పలకలుగా కోశాం. ఏ పలక ఎక్కడిదో తెలియాలంటే వెనక అంకెలు వేయాలి. తాత మేకు తీసుకుని "వెనక గీకుతా, ఒకటికి ఒక గీత, పదికి ఒక సున్న. మా నాయన కుండలకు అట్లనే గుర్తు పెడ్తాండె" అన్నాడు.

"వద్దు తాతా! గీకితే అక్కడ బలం తగ్గుతుంది. కాల్చినప్పుడు అదే గీత వెంట పగులుతుంది" అని నేను పావుగంట పాఠం చెప్పాను. తర్వాత సంచీలోంచి బళ్లారిలో కొన్న కాపీయింగు పెన్సిలు తీశాను. తడి తగిలితే ఊదారంగులోకి మారే పెన్సిలది. ఆఫీసుల్లో రశీదుల మీద వాడతారు. రబ్బరుకు లొంగదు, నీళ్లకు లొంగదు. "దీంతో రాస్తే జన్మలో చెరగదు" అన్నాను.

తాత ఆ పెన్సిలును అటూ ఇటూ తిప్పి చూశాడు. "నిప్పుకు?"

"దేనికీ చెరగదు తాతా."

కట్టె ఎట్లా కాలుతుంది, బొగ్గు ఎట్లా కాలుతుంది, పెన్సిల్లో ఉండేదీ బొగ్గుజాతేనని ఆ వారమే ఎనిమిదో తరగతికి చెప్పినదాన్ని నేనే. బోర్డు మీద బొమ్మ కూడా వేశాను. నన్ను ఆ తరగతిలోనే ఇంకో ఏడు కూర్చోబెట్టాల్సింది.

పలకలు నీడలో ఆరాయి. తాత గుడిసె దగ్గర ఆవం పేర్చాడు. పలకలు, పిడకలు, పలకలు, పిడకలు, పైన గడ్డి, ఆ పైన మట్టి పూత. ముట్టించే వేళకు అవ్వ పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టింది. నేను ప్రార్థన చేసుకున్నాను. ఏదో ఒకటి నేనూ ఆవానికి సమర్పించాలనిపించింది. చేతిలో నా పెద్ద కాగితం ఉంది. మట్టి అంటి, చిరిగి, ఎందుకూ పనికిరాకుండా ఉంది. పలకల వెనక అంకెలుండగా ఇక దీంతో పనేముందని చుట్ట చుట్టి నా చేత్తో నేనే ఆవం నోట్లో పెట్టాను. భలే మండింది. చూడ్డానికొచ్చిన బడి పిల్లలంతా చప్పట్లు కొట్టారు, నేను కూడా కొట్టాను.

ఇక్కడ మీకు ఒక రహస్యం చెప్పాలి. ఆ ఆవంలో ఉన్న తొంభై ఆరింటిలో ఒకటి నేను గీసింది కాదు. ఆనకట్ట వెనక పెద్ద చెరువులాగా నిలిచిన నీళ్లకు నేను చాలా పలకలు గీశాను. వాటిలో ఒకదాన్ని తాత పక్కన పడేసి, దాని బదులు ఇంకొకటి చేశాడు. ఇరవై ఇండ్లు, పొగ లేస్తున్న ఆవం, దాని పక్కన నెత్తి మీద కుండతో ఒక ఆడమనిషి. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. మీకు ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇద్దరం అయోమయంలో ఉంటే కథ నడవదు.

ఆవం చల్లారాక విప్పాం. ఒక్క పలకా పగల్లేదు. ఎర్రగా, నిండుగా, వేలితో కొడితే కంచులాగా మోగాయి. తాత కళ్లు మెరిశాయి. నేను మొదటి పలక తిప్పి అంకె చూద్దామనుకున్నాను. ఏమీ లేదు. రెండోది తిప్పాను. మూడోది. పదోది.

"ఏం వెతుకుతాండావమ్మా?"

"అంకెలు తాతా."

"యాడ రాస్తివి?"

"వెనక. కాపీయింగు పెన్సిలుతో."

అవ్వ ఒక పలక ఎత్తి వెనక్కి, ముందుకు, మళ్లీ వెనక్కి తిప్పింది. "జన్మలో పోదంటివి కదమ్మా. దీనికి ఈ జన్మ అయిపాయెనేమో."

నేను అక్కడే బూడిదలో కూలబడి ఏడ్చాను. తొంభై ఆరు పలకలు, అంకెల్లేవు, కాగితం లేదు. నాలుగు రోజుల్లో హోసపేట నుంచి పెద్ద ఇంజినీరు వచ్చి గోడను ప్రారంభించబోతున్నాడు. అన్నిటికన్నా బాధ, నేను ఏడుస్తుంటే తాత ఒక్క మాట కూడా దెప్పలేదు. నా పక్కన గొంతుక్కూర్చుని, పలకలను ఒక్కొక్కటే ఎత్తి వేలితో తడిమాడు.

"ఏడ్సద్దు తల్లీ. నీళ్లవి నేను కూర్చుతా. ఇది బండలకాడిది. ఇది దాని కిందిది, సుడి ఆడ సగం ఉండాది, ఈడ సగం ఉండాది చూడు. ఇది మడుగు. ఏరు నాకు తెలుసు. నీవు మడులు, ఊర్లు, మబ్బులు చూసుకో."

నీళ్లంటే నీళ్లేనని నేనన్న మాట విని ఉంటే ఆ నలభై నీళ్ల పలకలూ ఈ రోజుకీ కుప్పగానే ఉండేవి. ఆయన రెండు రోజుల్లో తుంగభద్రను మొత్తం బడి వరండాలో మళ్లీ పారించాడు. ఒక పలక మటుకు ఆయన తువ్వాలులో చుట్టి వరండా మూల పెట్టుకున్నాడు. నేను చూడలేదు.

గోడకు అతికించే పని ఖాదర్ సాబుది. మంచి మేస్త్రీ. తడి నేల మీద కూర్చుంటే నడుం పట్టేస్తుందని ఏదో ఒకటి కింద వేసుకుని కూర్చునే అలవాటు. ఈ అలవాటును గుర్తుంచుకోండి, దీంతోనే నా కొంప మునిగింది. రెండో రోజు సాయంత్రానికి గోడ దాదాపు నిండింది. నదిలో మాత్రం ఆనకట్ట వెనక, నీళ్ల మధ్యలో ఒక పలక పట్టేంత ఖాళీ మిగిలింది.

"ఆ ఖాళీ గుండి వదిలిపెట్టమ్మా" అన్నాడు తాత. "రేపు పొద్దున మా ముసల్దాన్ని పిల్చుకొచ్చి నేనే పెడ్తా."

పని ముగించే చివరి పలక మొగుడూ పెళ్లాలు కలిసి పెట్టడం కుమ్మరివాళ్ల ఆచారం కాబోలనుకుని "అట్లాగే తాతా" అన్నాను. ఆయన ఇంటికి పోయాడు. అప్పుడు చూస్తే కింద కాలవ పక్కన, వరిమడుల మధ్య ఇంకో ఖాళీ ఉంది. సిరుగుప్ప పలక లేదు!

"ఖాదర్ సాబ్, సిరుగుప్ప ఏదీ?"

"సిరుగుప్ప యాడికి పోతాదమ్మా? ఈడనే యాడో ఉంటాది" అన్నాడాయన, కూర్చున్న చోటు నుంచి కదలకుండా.

నేను బడికి పరుగెత్తాను. వరండా అంతా వెతికాను. మూల తువ్వాలు మూట కనిపించింది. విప్పితే పలక. ఇండ్లున్నాయి. పొగ ఉంది. మసక వెలుతురులో ఆవం నాకు మిల్లులాగే కనిపించింది. కుండ నెత్తిన పెట్టుకున్న ఆవిడ మిల్లు కూలీ అనుకున్నాను. "పాపం తాత, చైర్మన్ గారి పలకని పగలకుండా జాగ్రత్త చేశాడు" అని మనసులోనే ఆయనకు దండం పెట్టి, తీసుకెళ్లి సిరుగుప్ప చోట పెట్టించాను. ఖాదర్ సాబు సిమెంటు దట్టంగా పూసి నొక్కాడు. రాత్రంతా బాగా పట్టింది.

పొద్దున ఎనిమిదింటికి ఖాళీ దగ్గర నిలబడి తాత కోసం చూస్తున్నాను. ఇంజినీరు గారు పదింటికి రావాలి. ఎనిమిదిన్నరకే జీపు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. చైర్మన్ గారు కండువా సర్దుకుంటూ నా దగ్గరకు ఉరికారు.

"ఏంది టీచరమ్మా ఆ గుండి? పల్లూడిన నోరు మాదిరి ఉండాది! సాహేబు దిగేలోగా బిన్నా మూయించు!"

"తాత వచ్చి పెడతానన్నాడు సార్."

"తాత వచ్చేవరకు సాహేబును జీపులో కూర్చోబెట్టల్లనా?"

తాత ఆ సమయానికి బడి వరండాలో మూటలోని పలక వెతుక్కుంటున్నాడు. కొత్త పంచె కట్టుకుని, అవ్వను వెంటబెట్టుకుని, మూలమూలా చూస్తున్నాడు. నాకేం తెలుసు? నేను ఇక్కడ మిగిలిన పలక కోసం వెతుకుతున్నాను.

"ఖాదర్ సాబ్, లెయ్!"

"యాలమ్మా?"

"ముందు లెయ్!"

ఆయన లేచాడు. ఆయన కింద పలక ఉంది. రెండు రోజులుగా ఆయన దాని మీదే కూర్చుని పని చేశాడు. బురదా సిమెంటూ కలిసి బొమ్మంతా పూడిపోయి, ఎత్తుపల్లాలు మాత్రం తెలుస్తున్నాయి. నేను దాన్ని పరీక్షగా చూశాను. నీళ్ల మధ్యలో ఎత్తుపల్లాలంటే ఏముంటాయి? గుట్ట! ఆనకట్ట వెనక నీళ్లలో గుట్టలు తేలి కనిపిస్తాయని నేను పుస్తకంలో చదివాను. నేను గుట్ట గీసినట్టు గుర్తు లేదు గానీ, ఉండే ఉంటుందనుకున్నాను. "పెట్టెయ్ సాబ్" అన్నాను. ఆయన పెట్టేశాడు. గోడ మీదికి దుప్పటి దించారు.

మైకులో పాట అయింది. దండలయ్యాయి. చైర్మన్ గారు మాట్లాడారు. "ఈ గోడ మింద మన ఊరు ఎంత బాగా కనపడ్తాదో చూడండి!" అని దుప్పటి లాగారు. పైనుంచి నీళ్లు వదిలే చక్రం నేను తిప్పాను. నీళ్లొచ్చాయి!

ఎంత బాగా వచ్చాయో చెప్పలేను. మబ్బుల్లోంచి జారి, కొండల మీద రెండు పాయలై, కూడలి దగ్గర కలిసి, బండల మీద తాత గీతల్లో నిజంగానే దుమికాయి. జనం "ఆహా" అన్నారు. నా గుండె ఉప్పొంగింది. నీళ్లు ఆనకట్ట వెనక పరుచుకుని, నా గుట్ట మీదికి ఎక్కి, దాని మీది బురదను మెల్లగా కడగడం మొదలుపెట్టాయి.

ముందు పొగగొట్టం బయటపడింది. తర్వాత మిల్లు. తర్వాత బస్టాండు, సంత వీధి, మా బడి. అన్నిటి మీదా నీళ్లు.

"సిరుగుప్ప మునిగిపాయెరో!" అని ఎవరో కేకేశారు. 

"నా మిల్లు!" అన్నారు చైర్మన్ గారు. మైకు ఆయన చేతిలోనే ఉంది.

"అది... అది గుట్ట సార్" అన్నాను నేను.

"గుట్టకు పొగగొట్టం ఉంటాదా?"

ఇంజినీరు గారు కళ్లద్దాలు తుడుచుకుని గోడ కింద భాగాన్ని చూశారు. "మరి సిరుగుప్ప చోట ఉండేది యావ ఊరు?"

అప్పుడే జనాన్ని తోసుకుంటూ అవ్వ వచ్చింది, వెనక ఖాళీ తువ్వాలుతో తాత. ఆమె గోడ దగ్గరికి పోయి వంగి చూసింది. వేలు పెట్టి ఒక్కో ఇంటినీ తాకింది.

"ఇది సుంకన్నోళ్ల ఇల్లు. ఇది పూజారోళ్లది. ఇది మనది కదప్పా? ఇదో, మన ఆవం." కుండ నెత్తిన పెట్టుకున్న బొమ్మ దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. "ఇది నేనా?"

తాత తలూపాడు. ముసలామె అక్కడే నిలబడి చీర కొంగుతో మొహం కప్పుకుంది. నాకు అప్పుడు అంతా అర్థమైంది. ఒక్క పలకలో పడుతుందని ఆయన అడిగిన ఊరు ఇదే. నేను వద్దన్నది దీన్నే.

చైర్మన్ గారికి మాత్రం మిల్లు తప్ప ఇంకేమీ కనబడటం లేదు. "ఖాదర్ సాబ్! రెండూ పీకి ఇదాడ, అదీడ పెట్టు!"

"పైది ఇప్పుడే పెట్టింది, వస్తాదప్పా. కిందిది రాత్రే పట్టేసె. పీకితే తుకడా తుకడా అయితాది."

"అయితే కానీ. తిప్పన్న ఇంకొకటి చేసిస్తాడు."

ఖాదర్ సాబు ఉలి తీశాడు. నేను "వద్దు సార్" అన్నాను గానీ, ఆ రోజు నా మాటకు విలువెక్కడిది? అందరూ తాత వైపు చూశారు. ఆయన తువ్వాలు మడత పెడుతూ "కానీప్పా. మాకు అలవాటే కదా" అన్నాడు. 

అవ్వ కొంగు తీసింది. గోడకు వీపు ఆనించి, పలకకు అడ్డంగా నిలబడింది.

"ఏం గోవిందప్పా, మా ఊరు మునిగినంకనే కదా నీ మడికి నీళ్లొచ్చింది. ఆ పొద్దు మేమేమన్నా అంటిమా? బండి కట్టుకొని వచ్చేస్తిమి. ఈ పొద్దు నీ ఊరు మునిగింది బొమ్మలో. మీ ఊరోళ్లంతా ఒడ్డున నిలబడి నవ్వుతాండారు. ఈ మాత్రం ఓర్సుకోలేవా నాయనా?"

ఇంజినీరు గారు తన బూట్లు చూసుకుంటున్నారు. చైర్మన్ గారు నీళ్లలో ఉన్న మిల్లును చూశారు, మడుల పక్కన పొడిగా ఉన్న ఇరవై ఇండ్లను చూశారు. అవ్వను చూశారు. ఆయనకు ఆ రోజు కాస్త తీరిక దొరికిందనుకుంటాను.

"ఖాదర్ సాబ్, ఉలి లోపల పెట్టు" అన్నారు. తర్వాత మైకులో, "ఒక్కటే మనవి. మా ఇంట్లో ఆమెకు ఎవరూ చెప్పద్దండప్పా. ఆమెకు ఈత రాదు."

జనం విరగబడి నవ్వారు. అవ్వ కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూనే. 

అంతా వెళ్లిపోయాక నేను తాత దగ్గరకు పోయాను. తొట్టి అంచు మీద కూర్చుని గోడను చూస్తున్నాడు. "తాతా, నన్ను క్షమించు. నీ చేత్తో పెట్టుకోవాల్సిన పలక. నేను ఎక్కడో పెట్టేశాను" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"అట్లనద్దు తల్లీ" అన్నాడాయన. "నేనైతే దాన్ని నీళ్లల్లోనే పెట్టేటోణ్ణి. యాడుండెనో ఆడే పెట్టల్ల అనుకుంటి. బయట పెట్టొచ్చని నాకు తోచనే లేదు."

తర్వాత అవ్వ రోజూ ఆ తొట్టి దగ్గరికే బిందె తెచ్చుకునేది. వాళ్ల గుడిసె పక్కనే ఇంకో కొళాయి వేశారు, అయినా ఇంత దూరం నడిచి వచ్చేది. బిందె నిండి పొర్లిపోయేదాకా గోడను చూస్తూ నిలబడేది. వెనక వరుసలో ఉన్నవాళ్లు తిట్టేవాళ్లు కాదు.

అది చూసినప్పుడల్లా నేను చేసుకున్న ప్రతిజ్ఞను మీ అందరి ఎదుట, కుడిచేయి ఎత్తి మళ్లీ చెబుతున్నాను. ఇక మీదట నా బొందిలో ప్రాణముండగా ఏ ఊరినీ నీళ్లలో ముంచను. ఎవరెంత గొప్ప పని అని చెప్పినా ముంచను. తప్పనిసరై ముంచాల్సే వస్తే, ముందు ఆ ఊరివాళ్లను అడుగుతాను.